సంతకం చెయ్యని ఒప్పందం

ఇ.ఎల్. జేమ్స్ నవల 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' (2011) మీద చర్చ ఎక్కువగా కొరడాల చుట్టూనే తిరిగింది. నన్ను కలవరపెట్టినవి కొరడాలు కాదు, కాగితాలు.

21 ఏళ్ళ అనస్టేషియా ముందు కోటీశ్వరుడు క్రిస్టియన్ పెట్టే మొదటి కాగితం, జరిగేది ఎవరికీ చెప్పనన్న హామీ. ఆమె చదవకుండానే సంతకం చేస్తుంది. తిండి, బట్టలు, వ్యాయామం దాకా నిర్దేశించే అసలు ఒప్పందం తర్వాత వస్తుంది. దాని మీద ఆమె సంతకమే చెయ్యదు. కానీ అప్పటికే స్నేహితురాలితో మాట్లాడాలన్నా అతన్ని అడగాల్సిన స్థితి. సలహాకి కూడా అనుమతి కావలసిన మనిషి చెప్పే 'సరే'ని అంగీకారం అనగలమా?

బిడిఎస్ఎం ఆచరించేవారు ముందుగా మాట్లాడుకోవడానికీ, ఎప్పుడైనా ఆపే హక్కుకీ విలువనిస్తారు. బాధలో సుఖం కోరే స్త్రీని తప్పుపట్టడం మన పని కాదు. ఆ కోరికని అణచివేతగా కొట్టిపారేస్తే ఆమె మాట మనమూ విననట్టే. ఈ నవలలో అణచివేత ఆ గదిలో కంటే బయటే ఎక్కువ. ఫోను ఆధారంగా ఆమె ఎక్కడుందో కనిపెట్టడం, ఆమె పాత కారు అమ్మించెయ్యడం. వీటికి ఏ ఒప్పందమూ లేదు. రచయిత్రి వీటిని ప్రేమ ఖాతాలో వేసేసింది.

చివర, శిక్ష ఎంత దూరం పోగలదో చూపించమని తనే అడిగి, బెల్టుతో ఆరు దెబ్బలు తిని ఆమె వెళ్ళిపోతుంది. రెండో నవలలో అతని ఫిర్యాదు ఏమిటంటే, ఆపమనే సంకేతపదం ఎందుకు వాడలేదని!

'ముందే చెప్పొచ్చుగా?' మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నాం ఈ మాట?