మాగాయ ఊట

వేసవి నడిమి దినములలో కోనసీమయందు, నగరము, మామిడికుదురు ప్రాంతములలో, ఏ డాబాపైకి ఎక్కి చూచినను పాత పంచెలపై మామిడి ముక్కలు ఎండుచుండును. కీర్తి ఆవకాయదే గాని, చేతిపనికి పరీక్ష మాగాయయే యని నా యభిప్రాయము. చెక్కు తీసి తరిగిన ముక్కలకు ఉప్పును పసుపును మాత్రమే పట్టించి, జాడీలో మూడు దినములు ఊరనిచ్చి, దిగిన ఊటను పిండి వేరుచేసి, ముక్కలను ఎండబెట్టి, ఆ ఊటనే మరల వానికి పట్టింతురు.

చుక్క నీరు చేర్చకున్నను జాడీలో అంత ఊట యెక్కడిది? ముక్కలోని ప్రతి కణమును ఒక పలుచని పొర చుట్టుకొని యున్నది. 1925లో గోర్టర్, గ్రెండెల్ అను హాలెండు శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణముల నుండి కొవ్వును వెలికితీసి నీటిపై పరపగా, అది కణముల ఉపరితలమునకు ఇంచుమించు రెట్టింపు చోటు ఆక్రమించెను; పొర రెండు వరుసల కొవ్వు అణువుల కట్టడమని వారు గ్రహించిరి. నీటిని కోరు తలలు వెలుపలికి, నీటిని సహింపని తోకలు లోపలికి. విద్యుదావేశము గల ఉప్పు అయానులకు ఆ జిడ్డు నడుమ దాటరానిది. నీటికి మాత్రము దారి కలదు. పొరలో ఇమిడియున్న ప్రోటీను ద్వారములే అందులకు ముఖ్యసాధనమని 1992లో కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి లభించెను. కావుననే వెలుపల ఉప్పు చిక్కబడినకొలది లోని నీరు బయటికి వచ్చునే గాని, ఉప్పు లోనికి పోజాలదు. బిగువు సడలి ముక్క మెత్తబడును.

అయితే ఈ కాపలా కణము బ్రతికియున్నంతవరకే. ఉప్పు తాకిడికి పొర చెడిన పిమ్మటగాని ఉప్పు ముక్క నడిమికి చొరదు. ఆ సంగతి మా మేనత్త వేళ్లకు తెలియును. ముక్కను మడిచి చూచి, "అప్పుడే ఎండలో వేసేశావేంట్రా, ఇంకా విరుగుతోంది!" అని కసిరి, తిరిగి జాడీలో వేయించెడిది. ఒక్క రాత్రికే ఎండకెత్తు తొందర నాకు నచ్చదు. అట్టి ముక్క పైకి ఉప్పన, నడుమ పచ్చి. సరిగా ఊరి ఎండినదో, ఇక అడ్డు లేనిదై, ఊటను గుడ్డవలె పీల్చుకొనును. కారము, మెంతిపిండి, ఇంగువ పోపు ఆ తరువాతి మాట.

ఊటను సైతము పళ్లెములో పోసి, పలుచని బట్ట కప్పి ఎండలో నుంచవలెననుటలో ఆమె రాజీపడెడిది కాదు. నీరు ఆవిరియై ఊట చిక్కబడినచో బూజు పట్టదు. బూజు కణమునకును పొర కలదు గదా, ఆ ఉప్పులో దాని నీరును బయటికే పోవును.