‘ప్రవాసం’, ‘వలస’: విమర్శ పరిభాషలో చట్టాల నీడ

అమెరికా వెళ్ళినవారి కథ ‘ప్రవాస సాహిత్యం’. కువైట్, దుబాయ్ వెళ్ళినవారి కథ ‘వలస సాహిత్యం’. తెలుగు విమర్శ ఈ విభజనను అంతగా ప్రశ్నించకుండానే స్వీకరించింది. మొదటిదానిలో జ్ఞాపకాన్నీ తరాల అంతరాన్నీ వెదుకుతాం. రెండవదానిలో అప్పునూ ఏజెంటునూ శవపేటికనూ. దీనిని వర్గభేదంగా వివరించి ఊరుకోవడం సరిపోదని నా అభిప్రాయం. ఆ వర్గాలను వేర్వేరు దారులకు మళ్ళించినవి రాజ్యాల చట్టాలు.

1965 నాటి అమెరికా చట్టం జాతిమూలాల కోటాలను తొలగించి, కుటుంబ సంబంధాలతోపాటు వృత్తినైపుణ్యానికీ ప్రాధాన్యమిచ్చింది. మన వైద్యులు, ఇంజనీర్లు అక్కడికి చేరడం కేవలం ప్రతిభాఫలం కాదు. ఆ చట్టం కోరినవారిలో వారున్నారు. భారతదేశపు 1983 ఎమిగ్రేషన్ చట్టం మరో గీత గీసింది. దాని అమలులో, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకు 30 ఏళ్ళ కనీస వయసు విధించారు. ఉద్దేశం రక్షణే, కాదనలేం. కాని కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్ళదలచిన పాతికేళ్ళ స్త్రీకి అవసరం ఆగదు, దారి మారుతుంది. సందర్శక వీసా మీద, ఏ నమోదూ లేకుండా వెళ్ళవలసి వస్తుంది. కథలోని ఏజెంటును ప్రతినాయకుడిగా గుర్తించే విమర్శకుడు, అతనికి ఆ బలమిచ్చిన నిబంధనను గుర్తించడు.

అమెరికా కథలలోని గృహిణి ఒంటరితనం విషయంలోనూ ఇదే లోపం. దానిని సాంస్కృతిక సంఘర్షణగా, స్వదేశ బెంగగా వ్యాఖ్యానించడం పరిపాటి. హెచ్-1బి ఉద్యోగి భార్యకు లభించే హెచ్-4 వీసా మీద పనిచేసే హక్కు లేదు. 2015లో వచ్చిన సడలింపు సైతం భర్త శాశ్వత నివాస ప్రక్రియ కొంత ముందుకు సాగినవారికే వర్తించింది. చదువుకున్న స్త్రీ వంటింటి కిటికీ దగ్గర నిలబడటానికి బెంగ ఒక్కటే కారణమా?

కథల ముగింపులూ చట్టానికి లోబడినవే. గల్ఫ్ దేశాలలో కార్మికుని నివాసం కఫీలుతో ముడిపడి ఉంటుంది, పౌరసత్వం దాదాపు అసాధ్యం. కనుక ఆ కథ తిరుగుప్రయాణంతోనే ముగియాలి. అమెరికా కథకు స్థిరపడటమనే ముగింపు అందుబాటులో ఉందనుకుంటాం. అక్కడ ఉద్యోగ ప్రాతిపదికపై ఇచ్చే శాశ్వత నివాసాలలో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉంది. ఆ వరుసలో ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనీరు, ఉద్యోగం పోతే కొద్ది వారాలలో కొత్త యజమానిని వెదుక్కోవాలి, లేదా దేశం విడవాలి. అతని కథనూ మనం ప్రవాస సాహిత్యమనే చదువుతున్నాం.