టర్బో ఎందుకు పోయింది?

టర్బో పోయిందనగానే అందరూ టర్బోనే తిడతారు. బండి పుల్లింగ్ తగ్గుతుంది, వెనకాల నీలం పొగ లేస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా సన్నటి ఈల కూత వినిపిస్తుంది. షెడ్డుకి తీసుకుపోతే "టర్బో పోయింది సార్, మార్చాల్సిందే" అంటారు. మారుస్తారు. బండి మళ్లీ పరుగందుకుంటుంది. ఏడాది తిరక్కముందే మళ్లీ అదే కూత, అదే పొగ.

మా బావమరిది కారుకి అచ్చంగా ఇదే జరిగింది. అతనికి మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి రోజుల్లో ఆ కారుకి రాత్రీ పగలూ తేడా ఉండదు. మేత బస్తాలకీ, మందులకీ, ఐసుకీ, కొనేవాళ్ల వెంట తిరగడానికీ అదే బండి. కొత్తగా వేయించిన టర్బో కూడా పోయేసరికి "ఈసారి మీ ఇంటికాడే ఇప్పుదాం బావా, యాడ తేడా ఉందో మనమే చూద్దాం" అన్నాడు.

ఆటోనగర్ మేస్త్రీకున్న చేతినేర్పు మనకు రాదు. ఆయన ఒక్క పూటలో దించి ఎక్కించేదానికి మనకు రెండు మూడు రోజులు పడుతుంది. కానీ ఆయన షెడ్డు ముందు ఇంకో నాలుగు బండ్లు నిలబడి ఉంటాయి. పాతది దించి కొత్తది బిగించినందుకే ఆయనకు కూలి ముడుతుంది. అది ఎందుకు పోయిందో వెతకడానికి పట్టే గంటలకు ఎవరూ డబ్బులివ్వరు. ఆ గంటలు మన దగ్గరున్నాయి. ఈ పని ఇంటి దగ్గర చేసుకోమని నేను చెప్పడానికి అసలు కారణం అదే. కూలి మిగలడం ఆ తర్వాతి మాట.

టర్బో చేసే పని వినడానికి తేలిక. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎంత ఎక్కువ పోతే అంత డీజిల్ కాల్చుకోవచ్చు. చిన్న ఇంజన్ పెద్ద బరువు లాగే కిటుకు అదే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో అది ఓడలెక్కింది. ఇవాళ కృష్ణపట్నం రేవుకి బొగ్గు మోసుకొచ్చే ఓడ ఇంజన్‌లోనూ, గుంట గట్టు మీద ఆగిన కారులోనూ ఉన్నది ఒకటే సూత్రం. మన మధ్యతరగతి ఇళ్ల ముందుకి టర్బో డీజిల్ కార్లను ఎక్కువగా తెచ్చింది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజన్. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మారుతి దాన్ని తెచ్చింది. తర్వాత డిజైర్, రిట్జ్, టాటా విస్టా అన్నిట్లోనూ అదే ఇంజన్ తిరిగింది. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసినా ఆ పాత బండ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

చిన్న కారు టర్బో షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగలదు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను తిరిగేది నాలుగు వందలకు అటూ ఇటూ. అంత వేగంలో షాఫ్టు బేరింగుకి ఆనకూడదు. మధ్యలో ఉన్న పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. ఒక పక్క ఏడెనిమిది వందల డిగ్రీల పొగ. ఆ వేడిని కూడా ఆ ఆయిలే మోసుకుపోవాలి. అందుకే టర్బోకి సొంత జబ్బులు తక్కువ. ఆయిల్ అందకో, అందిన ఆయిల్ మురికిదై ఉండో, ఎయిర్ ఫిల్టరు దాటి ఏ పలుకో లోపలికి పోయో ఎక్కువ టర్బోలు పోతాయి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో విప్పే పనిలో సగం తుప్పుతోనే. మానిఫోల్డుకి టర్బోని పట్టి ఉంచే నట్లు వేడికి కాలి, ఉప్పుగాలికి తుప్పెక్కి, స్టడ్డుతో కలిసిపోయి ఉంటాయి. బలం చూపిస్తే స్టడ్డు మొదలంటా విరుగుతుంది. అప్పుడు మానిఫోల్డు ఊడదీసి లేత్ షాపుకి మోసుకెళ్లాల్సిందే. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున మళ్లీ కొట్టాం. రింగ్ పానాతో కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ తీగ పీకాకే చెయ్యి పెట్టాలి. కారు కిందికి దూరేటప్పుడు జాకీని ఎంతమాత్రం నమ్మకూడదు. కింద స్టాండ్లు పెట్టాలి. పైపు విప్పిన ప్రతిచోటా శుభ్రమైన గుడ్డ కుక్కాలి. లోపల పడిన ఒక్క వాషరు కొత్త టర్బోని మొదటి నిమిషంలోనే మింగేస్తుంది.

దించిన పాత టర్బోని వెంటనే మూలన పడేయకండి. ఏం జరిగిందో చెప్పగలిగేది అదొక్కటే. గాలి చక్రాన్ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపితే కొంచెం ఊగుతుంది. ఆయిల్ పొరకి వదిలిన సందు కాబట్టి ఆ కాస్త ఊగడం తప్పు కాదు. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. మా చేతిలో ఉన్నదానికి ఆట తెలుస్తోంది. రెక్కల కొసలు గోడని ఒరుసుకుని గుండ్రంగా గీత పడింది. రెక్కలు మాత్రం వంగలేదు, ఎక్కడా పెచ్చు లేవలేదు. అంటే బయటి నుంచి ఏమీ వచ్చి తగల్లేదు. షాఫ్టు కాలి నీలం తిరిగి ఉంది. ఆయిల్ అందలేదన్నమాట.

ఇక ఆయిల్ తెచ్చే పైపు. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. నోటితో ఊదితే గాలి పోతోంది. అక్కడితో బాగానే ఉందనుకుని బిగించేస్తే మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. సన్నటి ఇనుప తీగ దూర్చి తిప్పితే బొగ్గు పలుకులు రాలాయి, గోటితో నలిపితే కరకరలాడేంత గట్టివి. పైపు చివర బోల్టులో ఉండే కన్నం సగానికి పైగా పూడిపోయింది. ముందు ఏడాది కొత్త టర్బో వేసినవాళ్లు ఈ పైపునే మళ్లీ బిగించారు. ఇలాంటి పైపును కడిగి వాడదామన్న ఆలోచన వద్దు. వంపుల్లో అంటుకున్న బొగ్గు కడిగితే పూర్తిగా పోదు, తర్వాత ఊడి కొత్త బేరింగులోకి పోతుంది. కొత్త పైపు, కొత్త బోల్టు, కొత్త రాగి వాషర్లు వేశాం. ఆయిల్ తిరిగి కిందికి దిగే పైపు కూడా చూడాలి. అందులో ఆయిల్ తన బరువుతోనే దిగుతుంది, వెనక నుంచి తోసేది ఏమీ లేదు. దానికి గాస్కెట్ బదులు గమ్ పూస్తే లోపలికి ఉబ్బిన గమ్మే అడ్డం పడుతుంది. సంపు దించి జాలీ కూడా కడిగాం. అడుగున మడ్డి జిగటగా పేరుకుని ఉంది.

ఆ బొగ్గు ఎలా వచ్చింది? ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు దాటిపోయినా పట్టుబడి అయ్యాక చూద్దామని వాయిదా. చెన్నై నుంచి పదహారో నంబరు హైవే మీద ఆగకుండా తోలుకొచ్చి, ఆపీ ఆపగానే తాళం తిప్పేయడం. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది, టర్బోలో వేడి మాత్రం ఆగదు. అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. కావలి దాబాల దగ్గర చూడండి, పాతకాలపు లారీ డ్రైవర్లు బండి ఆపగానే ఇంజన్ కట్టెయ్యరు. కాసేపు అలాగే తిరగనిచ్చి దిగుతారు. వాళ్లనుంచి కార్లవాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కొత్తది ఎక్కించేముందు ఇంటర్‌కూలర్ విప్పి కడగాలి. ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత టర్బో కక్కిన ఆయిల్ అందులో నిలిచి ఉంటుంది. స్టార్టు చేశాక ఇంజన్ దాన్ని పీల్చిందంటే అదే ఇంధనమై డీజిల్ ఇంజన్ ఇష్టమొచ్చినట్టు పరుగెత్తుతుంది. తాళం తీసినా ఆగదు. టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజన్‌ని ఆర్పాలి. చెయ్యి ఇంజన్ దగ్గరికి పోకూడదు. మేం తలకిందులు చేస్తే గ్లాసెడు నల్ల ఆయిల్ కారింది.

బిగించాక వెంటనే స్టార్టు చేయకూడదు. టర్బో ఆయిల్ కన్నంలో కొత్త ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పాం. పైపు బిగించి, డీజిల్ అందకుండా చేసి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టరుతో విడతలు విడతలుగా తిప్పాం. ఆ తర్వాతే అసలు స్టార్టు. ఐదు నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వదిలేసి, ఎక్కడైనా ఆయిల్ చెమరుస్తోందా అని టార్చి వేసి చూశాం.

అందరినీ చేసుకోమని అనను. రెక్కలు కోణం మార్చుకునే రకం టర్బోలకు యాక్చుయేటర్ సరిచేయడానికి స్కానర్ కావాలి, అది లేకుండా దిగొద్దు. టర్బోని విప్పి లోపలి బేరింగులు మనమే మార్చుకోవడం కూడా ఇంట్లో అయ్యే పని కాదు. ఆ వేగానికి షాఫ్టు తూకం సరిచూసే యంత్రం ఉన్నవాళ్లే చేయాలి.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్, ఫిల్టరు మళ్లీ మార్చాం. బాగున్న ఆయిల్ పారబోస్తారేంటని ఇంట్లో వాళ్లన్నారు. తీసిన ఫిల్టరుని కోసి మడతలు విప్పితే నల్ల నలుసులు ఇంకా ఉన్నాయి. ఇంకో వెయ్యి తిరిగాక మూడోసారి మార్చమన్నాను. మా బావమరిది ఆ సాయంత్రమే ఆయిల్ డబ్బా కొని డిక్కీలో పెట్టుకున్నాడు.