వెనక అట్ట మీది వెల

పుస్తకం సమీక్షకు వస్తే మన విమర్శకులు వస్తువు చూస్తారు, శిల్పం చూస్తారు, అచ్చుతప్పులుంటే ఎత్తి చూపుతారు. చివర్లో పేజీలు, వెల, ప్రతులు దొరికే చోటు రాస్తారు. గిరిజన రచయితల పుస్తకాలకు చాలాసార్లు ఆ చోటు రచయిత ఇల్లే. ఆ ఇంట్లో ఆ పుస్తకానికి ఎంత పని జరిగిందో, ఎంత డబ్బు పోయిందో ఏ సమీక్షా చెప్పదు. ఆ లెక్క తీయడం కూడా విమర్శ పనే.

జహీరాబాద్ వైపు సంగతే తీసుకుందాం. ఝరాసంగం, న్యాల్కల్, కోహీర్, మొగుడంపల్లి మండలాల తండాల్లో తీజ్ పాటలు, పెళ్లి పాటలు, ఢావ్లోలు ఇంకా ఆడవాళ్ల నోటనే ఉన్నాయి. వాటిని పుస్తకం చేయాలంటే మొదటి పని వినడం. పాడే అవ్వ కూలి మానుకుని కూర్చోవాలి. ఒకే పాటను నాలుగుసార్లు పాడాలి. ఆ తర్వాత దాన్ని తెలుగు అక్షరాల్లోకి తేవాలి, అర్థం రాయాలి, మళ్లీ ఆమెకే చదివి వినిపించాలి. ప్రెస్సు గడప తొక్కకముందే నెలలు గడుస్తాయి. ఈ పనికి ఏ బిల్లూ ఉండదు కాబట్టి ఖర్చుల్లోకి రాదు.

తర్వాత డీటీపీ. పుస్తకం పని తెలిసినవాళ్ల కోసం సుమారు 100 కిలోమీటర్లు హైదరాబాద్ పోవాల్సిందే. టైపు చేసే మనిషికి గోర్ బోలి రాదు. మన మాటను తెలుగు మాటకు తప్పనుకుని దిద్దేస్తాడు. మూడు ప్రూఫులంటే మూడు ప్రయాణాలు, మూడు రోజుల సంపాదన. అను ఫాంట్లలో కొట్టించిన పుస్తకాన్ని రేపు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మళ్లీ మొదటి నుంచి ప్రూఫు.

ఇంత చేసినా ఆ పుస్తకం 30 కిలోమీటర్ల దూరంలోని బీదర్‌లో చదవడానికి పనికిరాదు. అక్కడి గోర్‌ వాళ్లు అదే మాట మాట్లాడతారు, చదివేది కన్నడ లిపి. మహారాష్ట్ర వైపు పోతే దేవనాగరి. మన జనం మూడు రాష్ట్రాల్లో ఉన్నా, పుస్తకం ఒక్క లిపికే కట్టుబడి ఉంటుంది. పెద్ద ప్రచురణకర్త మనవైపు రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు డబ్బు. 500 ప్రతులు, వెల 150 అనుకుందాం. కాగితం మీద 75,000 రూపాయలు. సమీక్షలకు, అవార్డుల పోటీలకు, వేదిక మీది పెద్దలకు, బంధువులకు 100 పోతాయి. దుకాణం నూటికి 40 కమీషన్ తీసుకుంటే ప్రతికి 90 మిగులుతుంది. 200 అమ్ముడుపోతే 18,000. మిగతా 200 అటక మీద. అచ్చుకు 45,000 అయిందనుకుంటే చేతినుంచి పోయింది 27,000. ఇందులో ఆవిష్కరణ సభ హాలు, శాలువాలు, భోజనాలు కలపలేదు. పుస్తకం మీద జీఎస్టీ లేదని సంతోషిస్తాం గానీ కాగితం మీద ఉంది. అది తిరిగి రాదు, అచ్చు ఖర్చులో కలిసిపోతుంది. 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాల్సింది కూడా రచయితే, ఎందుకంటే ప్రచురణకర్త ఆయనే. ఐఎస్‌బీఎన్ ఉచితమే, కానీ దానికి ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టే ఓపిక ఉచితం కాదు.

పుస్తకం వెనక మనిషి ఒళ్లు అరిగిపోవడం కొత్త కాదు. సవర భాష కోసం కొండలు తిరిగిన గిడుగు రామమూర్తి మలేరియా బారిన పడి, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. 1931లో ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర వ్యాకరణానికి ఆ చెవులు కూడా వెలే. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. వాళ్లను తలుచుకుని దండం పెడతాం. అదే పని ఇవాళ ఒక తండా పిల్లగాడు చేస్తే 'సొంతంగా వేసుకున్న పుస్తకం' అని తేలిక చేస్తాం.

అయితే మనవైపు లోపం లేదా? ఉంది. రంగుల అట్టకు, శాలువాలకు దొరికే డబ్బు ఎడిటర్‌కు దొరకదు. అందుకే ఒకే పాట రెండు చోట్ల అచ్చవుతుంది, పదాలకు అర్థాలు ఉండవు. ముందుమాటలు నాలుగుంటాయి, పాట పాడిన అవ్వ పేరు ఒక్కచోటా ఉండదు. తన కష్టం ఎవరూ చూడలేదని బాధపడే రచయిత, తనకంటే ముందు కష్టపడిన మనిషిని దాచేయడం న్యాయం కాదు. ఒక సభ తగ్గించుకుంటే ఎడిటర్‌కు ఇవ్వొచ్చు, పాడినవాళ్లకు కూలి ఇవ్వొచ్చు.

మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో ఉంది కదా, గొంతు అక్కడ నిలుస్తుంది, పుస్తకమెందుకు అని అడిగేవాళ్లున్నారు. గొంతు నిలవాలి, నిజమే. కానీ సిలబస్ అడిగేది పుస్తకాన్ని, పరిశోధక విద్యార్థి అడిగేది పుస్తకాన్ని. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చిందంటే, ముందు అది పుస్తకమై ఉండబట్టే.

మరి ఈ భారం ఎవరు పంచుకోవాలి? ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టే చట్టం మనకుంది. 2018 చట్టంతో గ్రామ పంచాయతీలైన తండాలు కూడా ఆ సెస్సు కిందికే వస్తాయి. ఆ డబ్బుతో కొనే పుస్తకాల్లో తండా పుస్తకం ఉండాలని అడగడం దయ కోరడం కాదు. మన సంఘాలు జిల్లా గ్రంథాలయ సంస్థకు రాయవలసిన మొదటి ఉత్తరం ఇదే. సమీక్షకులకు ఇంకో చిన్న మాట: రెండు ప్రతులు పంపమని అడిగే ముందు, ఒకటి కొనండి.