పక్షి గీసిన గీత

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద అరుగుల మీద మనుషులు మాట్లాడుకుంటుంటారు, పిల్లలు బడికి పోతుంటారు, పైన కొంగ తన మానాన తాను గుడ్లు పొదుగుతుంటుంది. డాబా మీద నిలబడితే మామూలు జూమ్ ఉన్న కెమెరాకు కూడా దాని నారింజరంగు మొహం, కొస కాస్త కిందికి వంగిన పసుపు ముక్కు, తోక దగ్గరి గులాబీ ఈకలు విడివిడిగా అందుతాయి. అదే కొంగ మనుషులు అలవాటు లేని ఏ చెరువులోనో మేస్తున్నప్పుడు అంతకు రెట్టింపు దూరంలోకి కూడా రానివ్వదు. రెండు చోట్లా పక్షి ఒకటే, కెమెరా ఒకటే. తేడా ఊరిది. రాయి విసరకుండా, గూడు కదపకుండా, వాకిట్లో పడే రెట్టనూ కుళ్లిన చేపముక్కల కంపునూ ఏటా ఓర్చుకుంటూ వచ్చిన ఊరది. ఆ దగ్గరితనం ఊళ్లోవాళ్ల సంపాదన. కెమెరా పట్టుకుని వచ్చిన యాత్రికుడు దాన్ని ఖర్చు పెట్టుకుని పోతాడు. పక్షుల ఫొటోగ్రఫీ మాట ఎత్తితే సంభాషణ తిరిగి తిరిగి లెన్స్ దగ్గరే ఆగుతుంది గానీ, లెన్స్ చేయగలిగింది దూరంగా ఉన్నదాన్ని పెద్దది చేసి చూపడం వరకే. ఎక్కడ నిలబడాలో చెప్పేది పక్షి. అది గీసిన గీతను చదవగలగడమే ఈ విద్యలో అసలు పనితనం. ఫొటోకి విలువ కట్టాల్సింది కూడా ఆ గీతను బట్టే.

ఈ సరదా పుట్టింది వేట ఇంట్లోనే. 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్-జ్యూల్ మారే పక్షుల ఎగురుడును పట్టడానికి తయారుచేసుకున్న కెమెరా అచ్చం తుపాకీలా ఉండేది, సెకనుకు 12 బొమ్మలు తీసేది. షూట్, షాట్ అనే మాటలు ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ల నోట ఇప్పటికీ అలాగే ఉండిపోయాయి. మనం మాత్రం ఫొటో ‘తీస్తాం’. నీళ్లు తోడినట్టు, దారం తీసినట్టు. భాషలో ఉన్న ఆ నెమ్మది చేతల్లోనూ ఉంటే బాగుండును. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు ఇంకో దారి పట్టారు. పక్షులు పశువులకు బెదరవు కదా అని ఎద్దు తోలును బోలుగా కుట్టించి, లోపల మనిషీ కెమెరా పట్టేలా చేసుకుని పొలంలో నిలబడేవారు. మన దేశంలో 1920లలో యునైటెడ్ ప్రావిన్సెస్ అడవుల్లో పనిచేసిన అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి వచ్చేవాడు. రాత్రి పులి కాలు ఆ తీగకు తగిలితే ఫ్లాష్ వెలిగి దాని ఫొటో అదే పడేది. వీళ్లు జంతువు ఎటు వస్తుందో ముందే తెలుసుకుని అక్కడ కాచుకున్నారు, వెంటపడలేదు. నేటి మంచి ఫొటోగ్రాఫర్‌కు వీళ్లే పూర్వీకులు. జీపులో పులి వెనకాల పరుగెత్తేవాడి పూర్వీకులు తుపాకీ వాళ్లు.

పక్షికి రెండు గీతలుంటాయి. మొదటిది అనుమానం గీత. అక్కడికి రాగానే మేస్తున్న పక్షి మేత ఆపుతుంది, మెడ నిటారుగా చాస్తుంది, ఈకలు దువ్వుకోవడం మానేసి ఒక కంటితో మనల్నే చూస్తుంది. రెండోది ఎగిరే గీత. కొత్తవాళ్లు రెండోదాన్నే లెక్కపెట్టుకుంటారు, ఎగరలేదు కాబట్టి ఇంకో పది అడుగులు వేయొచ్చనుకుంటారు. చేయి తిరిగినవాడు మొదటి గీత కనబడగానే ఆగిపోతాడు, వీలైతే కూర్చుంటాడు. కూర్చున్న మనిషి నిలబడ్డవాడంత భయపెట్టడు. పైగా కెమెరా పక్షి కంటి ఎత్తుకు దిగుతుంది కాబట్టి వెనకాల ఉన్న గడ్డీ గట్టూ మసకబారి పక్షి ఒక్కటే తేటగా నిలుస్తుంది. నేరుగా పక్షి మీదికి నడవకూడదు. ఎటో పోతున్నట్టు ఏటవాలుగా, మధ్యమధ్య ఆగుతూ, దానివైపు తేరిపార చూడకుండా పోవాలి. కారు ఉంటే దిగకపోవడమే మేలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు నడుమ నుంచి సాగుతుంది. దాని పక్కన ఆగిన కారును నీటిపక్షులు పట్టించుకోవు, తలుపు తీసి కాలు కింద పెట్టగానే లేస్తాయి. కిటికీ అద్దం దించి, బియ్యం నింపిన గుడ్డసంచి అంచు మీద వేసి, దాని మీద లెన్స్ ఆనిస్తే స్టాండు అక్కర్లేదు. ఇంజన్ ఆపేయాలి, లేకపోతే వణుకు ఫొటోలోకి వస్తుంది.

తర్వాత చూసుకోవాల్సింది గాలి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. గాలి మన వీపుకు తగులుతుంటే వాలే పక్షి మనకు మొహం పెట్టి వస్తుంది. గాలి మన మొహానికి కొడుతుంటే ఎంత లెన్స్ ఉన్నా తోకలే దక్కుతాయి. చలికాలం పొద్దున కోస్తాలో ఈశాన్యం గాలి వీస్తున్నప్పుడు తూర్పుకు వీపు పెట్టి నిలబడ్డవాడికి ఎండా గాలీ రెండూ కలిసొస్తాయి. సూళ్లూరుపేటకు దగ్గరలోని నేలపట్టులో గూళ్లు పెట్టుకున్న గూడబాతులు మేతకు పులికాట్ దాకా పోయి, పిల్లల కోసం చేపలు మోసుకుని తిరిగొస్తాయి. వచ్చిపోయే దారి కాసేపు గమనిస్తే తెలిసిపోతుంది. అంత బరువైన పక్షి చెట్టు మీద వాలబోయే ముందు రెక్కలు వెడల్పుగా విప్పి, కాళ్లు ముందుకు చాచి, గాలిలో దాదాపు నిలిచిపోయే ఒక్క క్షణం ఉంటుంది. షట్టర్ సెకనులో 1600వ వంతుకు పెట్టుకుని ఆ క్షణానికే కాచుకోవాలి. నీటి మీది నుంచి లేచేటప్పుడు అయితే అది రెక్కలు కొడుతూ నీళ్ల మీద పరుగెత్తుతుంది, దానికి ముందే గాలివైపు తిరుగుతుంది. కొంగో గద్దో ఎగరబోయే ముందు తరచు రెట్ట వేస్తుంది, ఒళ్లు కాస్త ముందుకు వంచుతుంది. ఇవి తెలిసినవాడు పక్షి కదలకముందే వేలు బటన్ మీద పెడతాడు. మిగతా సాంకేతికం ఒక మధ్యాహ్నంలో నేర్చుకునేదే. తెల్లకొంగను నల్లని నీటి ముందు తీస్తే కెమెరా మోసపోయి ఈకల గీతలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబారుస్తుంది కాబట్టి వెలుగు కాస్త తగ్గించుకోవాలి. తొమ్మిది దాటాక బీడునేల మీద గాలి వేడెక్కి అలలాడుతుంది, అప్పుడు దూరపు ఫొటో ఏ లెన్స్‌తోనైనా మసకే.

ఇది డబ్బున్నవాళ్ల సరదా కదా అనేవాళ్లున్నారు. లక్షల్లో పలికే లెన్స్‌లు ఉన్న మాట నిజమే, అవి చేతికొస్తే మసక వెలుగులోనూ పని జరుగుతుందన్నదీ నిజమే. కానీ దూరం సగమైతే చట్రంలో పక్షి పరుచుకునే జాగా నాలుగింతలు అవుతుంది. ఓపికగా కూర్చున్నవాడికి పక్షే మేస్తూ మేస్తూ ఆ సగం దూరం తనంతట తాను తగ్గించి పెడుతుంది. లెన్స్ మార్చనక్కర్లేని ఒకే కెమెరాలో 80 రెట్లు దాటిన జూమ్ వచ్చి పదేళ్లు అవుతోంది. దానితో చీకటి అడవిలో పని జరగదు గానీ, ఎండపొడ తగిలే చెరువుగట్టు మీద లకుముకి పిట్టకైనా పసిరికి పిట్టకైనా అది చాలు. ఖరీదైన లెన్స్ భుజాన వేసుకున్నవాడికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆత్రం.

రెండో ఆక్షేపణ అంత తేలికగా తోసిపుచ్చేది కాదు. ఫొటోగ్రాఫర్లే పక్షులకు కొత్త బెడద అయ్యారని పక్షిప్రేమికులే అంటున్నారు, అందులో చాలావరకు నిజముంది. లోతు తక్కువ నీళ్లలో తల కిందులుగా పెట్టి మేసే ఫ్లెమింగోల గుంపును ఎగిరే ఫొటో కోసం అరిచి లేపుతారు. రికార్డు చేసిన కూత ఫోన్‌లో పదేపదే వినిపించి, పోటీ మగపక్షి వచ్చిందని భ్రమపెట్టి పొదలోంచి బయటికి లాగుతారు. వేసవిలో తీతువు పిట్ట చేసే పని చూస్తే ఇందులో నష్టమేమిటో తెలుస్తుంది. అది గూడంటూ కట్టదు, గులకరాళ్ల మధ్య వట్టి నేల మీద గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరితే నీటి దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. దగ్గరగా పావుగంట మోకరిల్లిన మనిషి లేచిపోయేదాకా అది గుడ్ల మీదికి రాదు. ఆ పావుగంటలో నేల కాలుతూనే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ కలతపెట్టడాన్ని కూడా చేర్చింది. అంటే గూడు ముందు కొమ్మ విరిచి దారి చేసుకున్నవాడు, చేతిలో కెమెరానే ఉన్నా, చట్టం కంటికి వేటగాడే. పక్షుల ఫొటోగ్రఫీ మొదలైందే గూళ్ల ఫొటోలతో. కియర్టన్ సోదరుల తొలి పేరు వాటివల్లే వచ్చింది. అయినా ఇప్పుడు గూళ్ల ఫొటోలను తీసుకోని పోటీలు మన దేశంలోనే ఉన్నాయి. ఒక విద్య తన పుట్టుకలోని తప్పును తానే దిద్దుకోవడం చిన్న సంగతి కాదు. ఆ మాటకొస్తే దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదన్న నమ్మకంతో దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించడమూ మన దగ్గర ఉంది. చూడాలన్న కోరికే చూడబడేదానికి ముప్పు కావడం కెమెరాతో మొదలైంది కాదు. కాబట్టి ఆక్షేపణకు జవాబు కెమెరా మానేయడం కాదు, గీత దగ్గర ఆగడం. వీరాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు బాట మీంచే కనిపిస్తాయి కదా, అవీ తీయకూడదా అని అడగవచ్చు. పక్షి లెక్కచేయని చోట నుంచి తీస్తే తప్పులేదు. చెట్టెక్కడం, కొమ్మ వంచడం, డ్రోన్ ఎగరేయడం మొదలైతే ఊరు కూడబెట్టిన నమ్మకాన్ని ఒక్క పూటలో దొంగిలించినట్టే.

ఇన్ని కోట్ల ఫొటోలుండగా ఇంకో గూడబాతు బొమ్మ ఎందుకన్నది మూడో ప్రశ్న. అందమే లెక్కయితే నిజంగా అక్కర్లేదు. కానీ తేదీ, చోటు కలిసిన ఫొటో బొమ్మగా ఆగిపోదు, సాక్ష్యం అవుతుంది. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక 942 జాతుల స్థితిగతులను అంచనా వేసింది. దానికి ఆధారం ముప్పై వేలకు పైగా పక్షి పరిశీలకులు నమోదుచేసిన మూడు కోట్ల పరిశీలనలు. వాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని సరదా మనుషులే. అరుదైన పక్షిని చూశామని ఎవరైనా నమోదు చేస్తే పరిశీలించేవాళ్లు మొదట అడిగేది ఫొటో. మంగోలియాలో మెడకు అంకెల పట్టీ తొడిగి వదిలిన బార్-హెడెడ్ గూస్ బాతులు కర్ణాటక చెరువుల దగ్గర కనిపించాయి. అలాంటి పట్టీ మీది అంకె దూరం నుంచి కంటికి అందదు. ఫొటోను పెద్దది చేసుకుంటే అందుతుంది. అక్కడ వెలుగు బాగుందా, ఆకాశం నీలంగా ఉందా అని ఎవరూ అడగరు. అయితే సాక్షి అబద్ధం చెప్పకూడదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో గేటు మీంచి దూకే తోడేలు ఫొటోకి బహుమతి ఇచ్చి, అది మచ్చికైన తోడేలని నమ్మి 2010లో వెనక్కి తీసుకున్నారు. ఫొటోలో లోపం లేదు, తోడేలు అడవిది కాకపోవడమే లోపం. యంత్రం చేత ఏ పక్షినైనా పుట్టించగల ఈ రోజుల్లో నిజంగా అక్కడ, ఆ పూట, ఎవరూ పిలవకుండా వచ్చి వాలిన పక్షి ఫొటో విలువ పెరిగేదే.

సాక్ష్యం ఎంత మసకగా ఉన్నా ఎంత పని చేస్తుందో కలివికోడి చెబుతుంది. 1900లో చివరిసారి కనబడి మాయమైందనుకున్న ఈ రాత్రి పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. 2000 తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు లంకమల పొదల మధ్య ఇసుక పరిచి దాని అడుగుజాడలు వెతికారు, తానే ఫొటో తీసుకునే కెమెరాలు పెట్టి వచ్చారు. చాంపియన్ తీగకు ఇవి మనవలు. అలాంటి పక్షి చోటును ఫోన్ మ్యాప్‌తో సహా అందరికీ పంచడం మాత్రం సాక్ష్యం ఇవ్వడం కాదు, ఆచూకీ అమ్మడం. మామూలు పక్షికి చోటు చెప్పాలి, అరుదైనదానికి జిల్లా పేరుతో ఆపాలి, గూటికి అసలు చెప్పకూడదు.

ఇక యాత్రికుడి కష్టం ఒకటుంది, సమయం. సంక్రాంతి సెలవుల్లో నేలపట్టు, పులికాట్, కొల్లేరు, ఉప్పలపాడు నాలుగు రోజుల్లో చుట్టేద్దామని బయల్దేరినవాడికి ఎక్కడా గీత చదివే తీరిక దొరకదు. దొరకదు కాబట్టే దాటుతాడు. నాలుగు చోట్లూ తిరగడం మానుకుని కొల్లేరులోనే కైకలూరు దగ్గరి ఆటపాకలో రెండు పూటలు ఉంటే చాలు. నీళ్లలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి, పడవ వాటి పక్కగా పోతుంది. మొదటి పూట కెమెరా సంచిలోనే ఉంచి ఏ పక్షి ఎటు నుంచి వస్తోందో, ఏ స్టాండు మీద పెద్దపిల్లలున్నాయో, ఎండ ఎప్పుడు ఏ వైపు పడుతోందో చూసుకోవాలి. రెండో పూట పడవ నడిపే అతనికి ముందే చెప్పుకోవాలి, ఇంకా దగ్గరికి పోనీయమని కాదు, మెడలు లేవగానే ఆపేయమని.