గుమ్మం బయటి చాకిరీ

పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే...’ కథను నేను పాతికేళ్ళ పాటు క్లాసులో చెప్పాను. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. పేరు గుర్తు తెచ్చుకోవటం కోసం ఆమె ఇంట్లో పనిచేసే అమ్మాయిని కూడా అడుగుతుంది. అమ్మగారి పేరుతో తనకు పనిలేదనీ, ఇంటి గుర్తును బట్టే ఆమె ఎవరో తనకు తెలుసుననీ ఆ అమ్మాయి జవాబు. ఆ చోట పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. పరీక్షలో మాత్రం ‘శారద అస్తిత్వ వేదనను వివరించండి’ అని పది మార్కుల ప్రశ్న ఇచ్చేదాన్ని.

ఆ నవ్వు దగ్గర మళ్ళీ ఆగవలసి వచ్చింది. అందుకు కారణం ఏ సిద్ధాంతమూ కాదు, బురద.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు మా కింది వాటా కూడా మునిగింది. నీళ్ళు తీశాక చూస్తే ఉబ్బిపోయిన పరుపులు, కంపు కొడుతున్న బియ్యం డబ్బా, వెల్లకిలా పడ్డ ఫ్రిజ్, రెండు బీరువాల పుస్తకాలు. పెరట్లో మోకాలి లోతు బురద, దాని మీద కూలిన మునగచెట్టు, ఎవరెవరి ఇళ్ళ నుంచో కొట్టుకొచ్చిన చెప్పులూ సీసాలూ. వీధుల కోసం వేరే ఊళ్ళ నుంచి కూడా పారిశుధ్య కార్మికులను తీసుకొచ్చారు. ఫైరింజన్లు పెట్టి ఇళ్ళు కడిగించారు. కానీ ఇంట్లో పాడైనదాన్ని గుమ్మం దాటించాల్సింది ఇంటివాళ్ళే. నాకు నడుం నొప్పి. మనుషుల్ని పెట్టుకోవటం తప్ప దారిలేదు.

కూలీల అడ్డా నుంచి ముగ్గురు వచ్చారు. మొగుడూ పెళ్ళాం, ఆమె చెల్లెలు. పార, పలుగు, తట్టలు వాళ్ళవే.

“ముగ్గురికీ రోజుకి మూడు వేలు ఇప్పించండమ్మా. బురద పని, రెండ్రోజులు పడుద్ది.”

నేను రెండు వేల ఐదొందలన్నాను. ఆడవాళ్ళకి కాస్త తగ్గించుకోండమ్మా అని కూడా అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను. 1976 నాటి సమాన వేతన చట్టం మీద వ్యాసం రాసినదాన్ని.

“ఆడమనిషినని తట్ట బరువు తగ్గుద్దా అమ్మా?” అందామె. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. అయినా చివరికి రెండు వేల ఎనిమిదొందలకు బేరం తెంపాను. ఎందుకు తెంపానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బేరమాడకపోతే మోసపోతామనే భయం మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి పెట్టే మొదటి శిక్షణల్లో ఒకటి.

చేతులకు గ్లౌజులు లేవు. బ్రెడ్డు కవర్లుంటే ఇమ్మని అడిగి మణికట్టు దగ్గర తాడుతో కట్టుకున్నారు. బురదలో పగిలిన గాజు, వాడిపారేసిన ప్యాడ్లు, మందు సీసాలు అన్నీ కలిసే ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు చెయ్యాలనీ, ప్యాడ్లను విడిగా చుట్టి ఇవ్వాలనీ 2016లో వచ్చిన నియమాలు చెప్పాయి. వేరు చేసే ఆ చేతులు ఎవరివో చదివినప్పుడు నేను ఆలోచించలేదు. నేను ఒక పక్కన కూర్చుని పుస్తకాలకు ఏడుస్తున్నాను. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలి మేఘాలు’ ప్రతి ఇటుకలా గట్టిపడింది. చెల్లెలు దాన్ని ఎత్తి, “ఇదీ చెత్తేనా అమ్మా?” అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం మరుగుదొడ్డి ఎదురు తన్నటం మొదలుపెట్టింది. “ట్యాంకు మూత తీసి లోపల చూస్తావా, ఐదొందలు విడిగా ఇస్తాను” అని అతన్ని అడిగాను. అతను పార పట్టుకుని లేచాడు. భార్య అతని చెయ్యి పట్టుకుని ఆపింది. “అది మేం చెయ్యం. మిషను బండిని పిలిపించుకోండమ్మా.”

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకు శుభ్రం చెయ్యటానికి పెట్టుకోవటం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు. ఇంటి యజమానికి మినహాయింపేమీ లేదు. నాకు ఈ విషయం తెలియక కాదు. మలం ఎత్తే పనివాళ్ళ మీద గీతా రామస్వామి 2005లో ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం గురించి సభలో అరగంట మాట్లాడాను కూడా.

ఆ రాత్రి మేడ మీద మిగిలిన కాగితాల్లో ‘ఇల్లలకగానే...’ జిరాక్సు దొరికితే మళ్ళీ చదివాను. పనమ్మాయి జవాబు అమాయకత్వం కాదనిపించింది. అమ్మగారికీ తనకూ ఉన్న సంబంధం ఎంతవరకో ఆ అమ్మాయికి స్పష్టంగా తెలుసు. శారద పేరు పోవటాన్ని కథంతటిలో అంత నిబ్బరంగా చూసినది ఆమే. కథకురాలు ఆమెకు ఆ మాట ఇచ్చింది. దాన్ని హాస్యం చేసింది నా పాఠం. ఆ అమ్మాయి పేరేమిటని పాతికేళ్ళలో ఒక్క క్లాసులో కూడా నేను అడగలేదు.

స్త్రీవాద విమర్శలో మనం ‘అదృశ్య శ్రమ’ అనే మాటను చాలా ధారాళంగా వాడాం. విమల ‘వంటిల్లు’ కవిత గురించి రాసినా, ‘ఇల్లలకగానే...’ గురించి రాసినా అదే మాట. ఇల్లాలి చాకిరీకి అది సరిపోతుంది. దానికి జీతం లేదు, లెక్క లేదు. కానీ మా పెరట్లో బురద మోసినామె అదృశ్యంగా లేదు. వీధి వీధంతా ఆమెను చూస్తూనే ఉంది, ముక్కు మూసుకుని మరీ. ఆమె చాకిరీకి ధర ఉంది, ఆ ధరను కోసింది నేను. ఈ రెంటినీ ఒకే మాట కింద పెట్టినప్పుడు, ఒక స్త్రీ ఇంకో స్త్రీకి యజమాని అయ్యే చోటు మన విమర్శలోంచి జారిపోయింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో దళిత స్త్రీల రచనలతో ‘నల్లపొద్దు’ వచ్చింది. మీ ఇల్లూ మా ఇల్లూ ఒకటి కాదని దళిత రచయిత్రులు అంతకుముందు నుంచే చెబుతున్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. సెమినార్లో ఒప్పుకోవటానికి ఖర్చేముంది?

నిజానికి నేను ఇల్లు అలకటం ఎప్పుడో మానేశాను. అయినా ఇల్లు ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. ఆ రెండు వాక్యాల మధ్య ఎవరున్నారో నా వ్యాసాల్లో వెతికితే దొరకలేదు. శారద పేరు తిరిగొచ్చాక ఆ ఇల్లు ఎవరు అలుకుతారు అన్నది కథ చెప్పనక్కరలేదు. విమర్శ అడగాలి కదా.

రెండో రోజు సాయంత్రం రోజుకి మూడు వేల లెక్కన ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది, పెద్దగా సంతోషించినట్టేమీ కనపడలేదు. “నీ పేరేంటమ్మా?” అనడిగాను. “ఎందుకమ్మా, ఏమన్నా రాసుకుంటన్నారా?” అంది. వరద సాయం లిస్టులు రాసేవాళ్ళు అప్పుడు వీధుల్లో తిరుగుతున్నారు. ఊరికే అంటే చెప్పింది. అచ్చులో వేస్తానని ఆమెకు చెప్పలేదు కనుక ఆ పేరు ఇక్కడ రాయటం లేదు. మళ్ళీ పనుంటే చెప్పమని నంబరిచ్చింది. నా పేరు అడగలేదు.

మొన్న మునగచెట్టు మోడు తీయించాల్సి వచ్చి ఫోన్లో ఆమె పేరు కోసం వెతికాను. దొరకలేదు. నంబరుంది. ‘పెరడు క్లీనింగ్’ అని దాచుకున్నాను.