పాచి పట్టని నీళ్లు

కర్నూలులో ఏప్రిల్ వచ్చిందంటే పడమటి గదిలో గోడలు రాత్రి పది దాకా సెగలు కక్కుతాయి. ఆ గదిలో, కిటికీకి ఎదురుగా, రెండడుగుల అద్దాల తొట్టిలో గప్పీ చేపలు పెట్టాను. వారం తిరక్కుండా వెనక అద్దానికి ఆవగింజలంత పచ్చ చుక్కలు లేచాయి. ఆపైన నీళ్లే గోంగూర ఉడికించిన కట్టులా మారి, చేపలు ఎక్కడున్నాయో కనబడకుండా పోయాయి. కొన్నచోట అడిగితే మందు సీసా ఇచ్చారు. వేసిన రెండు రోజులకు తేటపడిన నీళ్లు, ఐదో రోజుకు మళ్లీ పచ్చబడ్డాయి.

అప్పుడే ఊరినుంచి వచ్చిన మా జేజి తొట్టి ముందు చాప వేసుకుని కాసేపు చూసి అంది: "నీళ్లు కదలనీకుండా నిలబెట్టి, ఎండ తగలనిచ్చి, తినేదానికన్నా ఎక్కువ మేతేసి, పాచి పట్టిందంటే ఎట్లబ్బీ?"

ఆ తర్వాత నేను ఎంత చదివినా ఆ మాటకు చేర్చుకున్నది వివరాలే. అసలు 'పాచి' అన్న మాటలోనే విషయం ఉంది. నిన్నటిది తియ్యకుండా ఉండిపోతే పాచి. పాచి ముఖం, పాచి అన్నం, తెల్లవారి ఇంట్లో చేసే పాచి పని, అన్నీ ఆ కోవలోవే. తొట్టిలో పాచి కూడా అంతే. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం కుళ్లి అమ్మోనియా అవుతుంది. రాళ్లకూ ఫిల్టరు స్పాంజికీ పట్టుకుని బతికే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. పొలానికి మనం వేసే ఎరువులో ఉండే నత్రజని అదే. మేతలోంచి భాస్వరం కూడా చేరుతుంది. ఎరువు ఉంది, నీళ్లున్నాయి, ఎండ ఉంది. ఇక పంట పండకుండా ఎలా ఉంటుంది? మందు పంటను చంపుతుందే గానీ ఎరువును తియ్యదు. చచ్చిన పాచి కుళ్లి తిరిగి ఎరువే అవుతుంది.

ఏడాదికి అటూ ఇటుగా 700 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. పడ్డ నీటిని నెలల తరబడి నిలబెట్టుకోక తప్పదు. నిలబడిన నీళ్లు చెడకుండా చూసుకోవడం కర్నూలు, కడప పల్లెల్లో ఇంటింటి విద్య. తాగే నీళ్ల కుండ ఎప్పుడూ చీకటి మూలనే, మూతతో ఉండేది. పశువుల తొట్టిని వారానికోసారి ఒంచి, కొబ్బరి పీచుతో రుద్ది, ఎండబెట్టేవాళ్లు. పండగలకు లోపల సున్నం పూసి, ఆరాకే నీళ్లు నింపేవాళ్లు. సున్నపు ఘాటుకు గోడల సందుల్లో దాగిన పాచి చచ్చేది. బావిలో చేపలూ తాబేలూ వదిలేవాళ్లు. ఎండాకాలం నీళ్లు అడుగంటగానే దిగి పూడిక తీసేవాళ్లు. ఆ నల్లటి పూడిక నేరుగా చేనికి పోయేది, దానిలో బలముందని తెలుసు గనక.

చిల్లగింజ సంగతి విడిగా చెప్పాలి. ఇండుపగింజ అని కూడా అంటారు. ఎండు అడవుల్లో పెరిగే చెట్టు. బొత్తాంలా గుండ్రంగా, కాస్త బల్లపరుపుగా ఉండే ఆ గింజను మా జేజి కుండ లోపలి అంచుకు, రెండు చుక్కల నీళ్లు తగిలించి, గంధం తీసినట్టు గుండ్రంగా అరగదీసేది. తెల్లని జిగురు పట్టేది. అందులో చెరువు నుంచి తెచ్చిన ఎర్రనీళ్లు పోసి మూత పెడితే, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన తేటనీళ్లు నిలిచేవి. గింజలోని జిగురు పదార్థం సన్నటి రేణువులను ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుంది, అవి అడుక్కి జారతాయి. అద్భుతమైన విద్యే. కానీ చేపల తొట్టిలో పచ్చదనానికి ఇది మందు కాదు. గింజ మట్టిని దించుతుంది, నీళ్లలో కరిగిన ఎరువును దించలేదు.

పారే నీళ్ల సంగతి వేరు. మహానంది గుడికి వెళ్లినవాళ్లందరూ కోనేటిలో దిగి అడుగున తమ పాదాలను చూసుకునే ఉంటారు. ఐదడుగుల లోతున రాతి మీది గీత కూడా కనబడుతుంది. నల్లమల అడుగున పుట్టిన ఊట గర్భగుడి కింద నుంచి కోనేటిలోకి వచ్చి, అక్కడ ఆగకుండా బయటి గుండాల గుండా అరటితోటలకూ పొలాలకూ పోతుంది. ఆ తేటదనానికి మూలం ఈ పారుదలే అని నా నమ్మకం. వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంటే, నిన్నటిది ఇవాళ్టికి మిగలదు. యాగంటి పుష్కరిణిలోనూ కొండ ఊట నంది నోట్లోంచి పడుతూనే ఉంటుంది. గదిలో తొట్టికి ఊట ఉండదు. బకెట్టే దాని ఊట.

పోరుమామిళ్ల చెరువు శాసనం చదివినప్పుడు ఇంకో సంగతి తట్టింది. కడప జిల్లాలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరం అనే ఆ చెరువును తవ్వించి, 1369లో వేయించిన సంస్కృత శాసనమది. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్ల పని. చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. నీరు తక్కువై కింద భూమి ఎక్కువైతే దోషం, భూమి తక్కువై నీరు ఎక్కువైనా దోషమే. కొలత చూసుకోమనడం అది. చేపల తొట్టి విషయంలో మనం ముందుగా తప్పేది ఈ కొలతే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా పోసినా పట్టేది 56 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోగా యాభై లోపే. అందులో ముప్పై గప్పీలు వదిలి, ఇంటిల్లిపాదీ తలా ఓసారి మేత వేస్తే ఏ ఫిల్టరూ నిలవదు. పదికి మించి పెట్టకపోవడం మేలు. రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినెయ్యగలిగినంతే మేత. వారంలో ఒక రోజు పస్తు పెట్టినా చేపకు ఏమీ కాదు. వారానికోసారి పావువంతు నీళ్లు, అంటే ఇంచుమించు ఒక బకెట్టు, గొట్టంతో అడుగునున్న మడ్డితో సహా లాగెయ్యాలి. పోసే కుళాయి నీళ్లను ముందురోజు రాత్రే పట్టి మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, దానిలోని బాక్టీరియా చచ్చిపోతుంది. తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి.

తొట్టిని పడమటి కిటికీ నుంచి లోపలి గోడకు మార్చాను. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. పాచి రాత్రిపూట దాన్నే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అదే కారణం కావచ్చు. గాలి పంపు రాత్రంతా ఆడనివ్వాలి.

నీళ్లే పచ్చబడిపోతే, నల్ల దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచండి. మేత వద్దు, గాలి పంపు ఆపొద్దు. దుప్పటి తీశాక మూడోవంతు నీళ్లు మార్చండి. నాకు ఏ సీసా చెయ్యని పని ఇది చేసింది. కుండను చీకటి మూలన పెట్టడంలోని కిటుకూ ఇదే.

అందంగా ఉంటాయని కడప బండ ముక్కలు తొట్టిలో గుహలా పేర్చాను. అది సున్నపురాయి. మేకుతో గీరి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నటి బుడగలు లేస్తాయి. బేతంచెర్ల బండ సంగతీ అంతే. మన బోరు నీళ్లు అసలే కటువు. ఈ రాళ్లు నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి వాటిని మరింత కటువు చేస్తాయి. అలాంటి నీళ్లలో మొక్క పీల్చుకునే బొగ్గుపులుసు వాయువు తక్కువ. దుకాణంలో కొన్న ఖరీదైన మెత్తనీటి మొక్కలు నా కళ్లముందే కరిగిపోయాయి. వాటి చోట హైడ్రిల్లా వేశాను. కాలువల్లో తాడులా సాగే నాచు అదే. కటువు నీటిలో కరిగి ఉన్న బైకార్బనేటు నుంచి కూడా అది తన ఆహారం తీసుకోగలదు. రిబ్బను లాంటి వాలిస్నేరియా కూడా అంతే. పాచికి అందాల్సిన ఎరువును నాచు ముందే తినేస్తుంది. పాచీ నాచూ ఒకటే అనుకుని రెండింటినీ పీకేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కాలువ నాచు తెస్తే వారం రోజులు వేరే బకెట్లో ఉంచి కడిగాకే వెయ్యండి, తూనీగ పిల్లలు దాగి వచ్చి చేపపిల్లలను తింటాయి.

రెండు విషయాలు గట్టిగా చెబుతాను. మైలుతుత్తం చిటికెడైనా వెయ్యొద్దు. చెరువుల్లో పాచి చంపడానికి వాడతారన్నది నిజమే, కానీ చిన్న తొట్టిలో దాని రాగి నత్తలను చంపుతుంది, మోతాదు కాస్త మించితే చేపలనూ చంపుతుంది. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేపను కొనొద్దు. దక్షిణ అమెరికా చేప అది, అడుగు దాటి పెరుగుతుంది, బోలెడు మలం వేస్తుంది. తొట్టిలో పట్టక కాలువలో వదిలేస్తే అక్కడ బతికి, గుడ్లు పెట్టి, జాలర్ల వలలు చింపుతుంది. ఆంధ్ర చెరువుల్లో ఆ కష్టం ఇప్పటికే ఉంది. తుంగభద్రలోకీ కేసీ కెనాల్‌లోకీ మన చేతులతో దాన్ని పంపొద్దు. అద్దం మీది చుక్కలకు పాత ప్లాస్టిక్ కార్డు అంచు, చేతి బలం చాలు.

ఆదివారం పొద్దున గొట్టంతో తీసిన బకెట్టు నీళ్లను నేను మోరీలో పొయ్యను. లేత చింతాకు రంగులో, కాస్త నీచు వాసనతో ఉంటాయి. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తే, ఎండిన నేల బుసబుసమంటూ తాగేస్తుంది. ఈ మే నెలలో వీధిలో అందరి కరివేపాకూ మాడిపోయింది. మా చెట్టుకు మాత్రం కొత్త చిగురు వచ్చింది. జేజి ఆ చిగురు తుంచి చారులో వేసింది.